బుద్ధిమాంద్యం గల మన బిడ్డల కొరకు ప్రభుత్వాన్ని ఎలా అడగాలి?



అలిపిరి మెట్లదారి దగ్గర పూలు కట్టి అమ్ముకునే ఒక తల్లి నెలనెలా మన ఓ.పి.కి వస్తుంది. తన కోసం కాదు, కొడుకు మూర్ఛ మాత్రల కోసం. కొడుక్కి ఇరవై ఏడేళ్లు. మనిషి ఎత్తుగా, బలంగా ఉంటాడు. ఎవరైనా పలకరిస్తే నవ్వుతాడు. పది రూపాయల నోటుకూ వంద రూపాయల నోటుకూ తేడా తెలియదు. ఊరి పేరు అడిగితే తన పేరే చెబుతాడు. ఒకసారి బ్రహ్మోత్సవాల జనంలో తప్పిపోతే, పోలీసులు మైకులో పిలిపించి తల్లికి అప్పగించేసరికి రాత్రి పది దాటిందట.

ఒక నెల ఆమె మాత్రల చీటీతోపాటు ఒక మడత కాగితం కూడా మా బల్ల మీద పెట్టింది. అది సదరం శిబిరంలో ఇచ్చిన కాగితం. అందులో వైకల్యం 25 శాతం అని ఉంది. పింఛనుకు కనీసం 40 శాతం ఉండాలి.

"పర్సంటేజీ చాల్లేదంట సిస్టరమ్మా. ఇంక రావద్దన్నారు" అన్నది.

మాకు అర్థం కాలేదు. ఈ అబ్బాయికి 25 శాతమేమిటి? లోపల ఏం జరిగిందో చెప్పమని కూర్చోబెట్టి అడిగాము.

"వాళ్లు అడిగినారు, నేను చెప్తిని. అన్నం తింటాడా అంటే తింటాడంటిని. నీళ్లు పోసుకుంటాడా అంటే పోసుకుంటాడంటిని. ఒక్కడే బయటికి పోతాడా అంటే పోతాడంటిని. అంతమంది ముందర నా బిడ్డకు ఏమీ రాదని ఎట్ల చెప్పేది సిస్టరమ్మా? వాడు పక్కనే ఉండాడు, వింటా ఉండాడు."

ఆ మాటకు మేము కాసేపు ఏమీ అనలేకపోయాము.

అన్నం తింటాడనేది నిజమే. కానీ కలిపి, ముద్దలు చేసి పళ్లెంలో పెట్టేది ఆమె. నీళ్లు పోసుకుంటాడనేదీ నిజమే. చెంబు చేతికిచ్చి, ఇప్పుడు తల మీద, ఇప్పుడు వీపు మీద అని పక్కన నిలబడి చెప్పేది ఆమె. ఒక్కడే పోయేది పూలబుట్ట నుండి కొళాయి దాకా, మళ్లీ కొళాయి నుండి పూలబుట్ట దాకా. ఇవేవీ ఆ గదిలో ఎవరికీ తెలియలేదు. అడిగినవారు మూడు ముక్కల్లో అడిగారు, ఆమె మూడు ముక్కల్లో చెప్పింది.

శాతం ఎక్కడి నుండి వస్తుంది?

ఈ విషయం మన పాఠకులలో చాలామందికి తెలియదు కనుక కొంచెం వివరంగా వ్రాస్తాము.

బుద్ధిమాంద్యాన్ని ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు. మేము నర్సింగ్ శిక్షణ పొందిన రోజుల్లో పుస్తకాలలో వాడిన ఇంగ్లీషు మాటను ఇప్పుడు ఎవరూ వాడరు, వాడకూడదు కూడా. పేరు ఏదైనా ఇది మతిభ్రమణం కాదు. మతిభ్రమణం జబ్బు. అది మధ్యలో రావచ్చు, మందులతో తగ్గవచ్చు. మేధో వైకల్యం బిడ్డ ఎదిగే వయసులోనే కనబడుతుంది. నేర్చుకోవడంలో, తన పని తాను చూసుకోవడంలో తోటి పిల్లలకంటె వెనుకబడి ఉంటారు. కాన్పులో ఊపిరి అందకపోవడం, డౌన్ సిండ్రోమ్, పుట్టుకతో థైరాయిడ్ లోపం, ముదిరిన పసికామెర్లు, మెదడువాపు, మేనరికాలలో కొన్ని జన్యుదోషాలు, ఇలా కారణాలు అనేకం. ఎంత వెదికినా కారణం దొరకని బిడ్డలూ ఉన్నారు. తల్లి పాపమో తండ్రి పాపమో అని మన సంఘాలలో కూడా గుసగుసలాడేవారున్నారు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు ఆ ప్రశ్నే వేస్తే ప్రభువు ఏమన్నారో యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయం తీసి చదువుకోవాలి.

చేయి లేదా కాలు లోపాన్ని కొలవడానికి ఎక్స్‌రే ఉంది, కొలబద్ద ఉంది. బుద్ధిమాంద్యానికి అలాంటివి లేవు. ఐ.క్యు. పరీక్ష ఒకటి, వైన్‌లాండ్ సామాజిక పరిణతి కొలమానం ఒకటి వాడతారు. ఈ రెండవదానిని మాలిన్ అనే ఆయన మన దేశానికి తగినట్టు సవరించారు. అందులో 89 అంశాలు ఉంటాయి. బొత్తాలు పెట్టుకుంటాడా, డబ్బు లెక్క తెలుసా, వీధి దాటగలడా వంటివి. వీటికి జవాబు చెప్పేది బిడ్డ కాదు, బిడ్డను పెంచేవారు. అంటే తల్లి నోటి మాటే అక్కడ ఎక్స్‌రే.

2018లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ఆ కొలమానంలో 70 నుండి 84 వస్తే వైకల్యం 25 శాతం. 55 నుండి 69 వస్తే 50 శాతం. 36 నుండి 54 వస్తే 75 శాతం. 21 నుండి 35 అయితే 90 శాతం, 20, అంతకంటె తక్కువ అయితే 100 శాతం. 69కీ 70కీ మధ్య ఉన్నది ఒక్క అంకె. ఆ ఒక్క అంకె దగ్గరే పింఛను ఆగిపోతుంది. ఒక తల్లి బిడ్డ పరువు కాపాడటానికి రెండు మూడు ప్రశ్నలకు అవునంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

అలాగని లేనిది చెప్పమని మేము ఎవరికీ సలహా ఇవ్వము. దళారులు ఇచ్చే ఆ సలహా వలన నష్టపోయేది నిజమైన బిడ్డలే. 2025లో మన రాష్ట్రమంతటా వికలాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించారు. దొంగ సర్టిఫికెట్లను ఏరివేయడానికి మొదలుపెట్టిన ఆ పనిలో అర్హులైనవారికి కూడా నోటీసులు వచ్చాయని పెద్ద ఆందోళన జరిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే, కాని పూర్తిగా చెప్పడమే, మేము అడిగేది. "తింటాడు" అని ఆపకండి. "కలిపి పెడితే తింటాడు" అనండి.

మేము చేసిన తప్పు

ఆ తల్లి చేసిన పొరపాటు చెప్పాము కనుక మాది కూడా చెప్పడం న్యాయం. ఆమె వెళ్లిన తరువాత మేము ఒక అర్జీ వ్రాశాము. నిరుపేద, భర్త లేని స్త్రీ, దిక్కు లేని కుటుంబం, దయతలచి కనికరించవలెనని ప్రార్థన అంటూ ఒకటిన్నర పేజీ. చదివిన మా సిస్టర్లకు కళ్లు చెమర్చాయి. దాన్ని సంబంధిత కార్యాలయంలో ఇచ్చి వచ్చాము. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. శాతం తక్కువ, అర్హత లేదు అని ఒక్క వాక్యం.

మాకు కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే ఆ గుమాస్తా తప్పేమీ లేదు. మేము పింఛను అడిగాము. కాగితం మీద 25 ఉన్నవారికి పింఛను ఇచ్చే అధికారం ఆయనకు లేదు. ఎంత కనికరం ఉన్నా లేదు. మేము అడగవలసింది వేరే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 59వ సెక్షను ఉంది. సర్టిఫికెట్ ఇచ్చినవారి నిర్ణయం సరి కాదనుకుంటే, దానిపై రాష్ట్రం నియమించిన అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. మేము అప్పీలు అడగలేదు, భిక్ష అడిగాము.

లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయంలోని విధవరాలి ఉపమానం మనమందరం ఎన్నోసార్లు విన్నదే. విసుగక ప్రార్థించాలని దాని మీద ప్రసంగాలు విన్నాము. ఈ అర్జీ తిరిగి వచ్చిన తరువాతే మాకు ఒక సంగతి తట్టింది. ఆమె ఆ న్యాయాధిపతి దగ్గర ఏమి అడిగిందో చూడండి. దానధర్మం కాదు, న్యాయం. తనకు రావలసినది.

రెండవ అర్జీ ఒకే పేజీ వ్రాశాము. 59వ సెక్షను పేరు చెప్పి మళ్లీ పరీక్ష చేయించమని అడిగాము. అబ్బాయి ఉదయం లేచిన దగ్గర నుండి రాత్రి పడుకునే వరకు ఏ పని ఎవరి సాయంతో చేస్తాడో ఆరు వరుసలలో వ్రాశాము. మన ఓ.పి. చార్టు నుండి ఎన్నేళ్లుగా మూర్ఛ ఉందో, ఏ మందు ఎంత మోతాదులో ఇస్తున్నామో డాక్టరుగారి సంతకంతో జతచేశాము. తప్పిపోయిన రాత్రి సంగతి కూడా చేర్చాము. నకలు మీద ముద్ర వేయించుకుని తేదీ వ్రాసుకున్నాము. ఈ ముద్ర సంగతి ఎవరూ మరచిపోవద్దు. ముద్ర లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం.

ఏడు నెలలు పట్టింది. నాలుగుసార్లు తిరిగాము. చివరికి మళ్లీ పరీక్షించినప్పుడు ఆ తల్లి, కొడుకును మా సిస్టరు ఒకరితో వరండాలో కూర్చోబెట్టి, తాను ఒక్కతే లోపలికి వెళ్లి అంతా చెప్పింది. బయటికి వచ్చి చాలాసేపు ఏడ్చింది. ఈసారి కాగితం మీద 75 ఉంది.

ఇలాంటి తల్లులే చట్టం తెచ్చారు

ఈ బిడ్డలకు ఇప్పుడున్న హక్కులు ఎవరో పైనుండి దయతో ఇచ్చినవి అనుకుంటాము. అలా కాదు. సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్రప్రభుత్వం బుద్ధిమాంద్యం గలవారి కొరకు జాతీయ సంస్థను స్థాపించింది. మొదట్లో ఎన్.ఐ.ఎం.హెచ్. అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అంటున్నారు. బిడ్డలను పరీక్షకు తెచ్చిన తల్లిదండ్రులు సంఘాలుగా ఏర్పడేలా ఆ సంస్థ ప్రోత్సహించింది. వేర్వేరు రాష్ట్రాలవారు కలుసుకున్నారు. 1995లో ఆ సంఘాలన్నీ కలిసి 'పరివార్' అనే జాతీయ సమాఖ్య అయ్యాయి. అమెరికాలో తల్లిదండ్రులు 1950లోనే ఇటువంటి జాతీయ సంఘం పెట్టుకున్నారు. మనవారు కొంచెం ఆలస్యంగానైనా గట్టిగానే మొదలుపెట్టారు.

వారందరి ప్రశ్న ఒక్కటే. మేము పోయిన తరువాత వీడిని ఎవరు చూస్తారు? పూలమ్మే తల్లి కూడా మమ్మల్ని అడిగింది అదే. ఆ ప్రశ్న పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లారు. దాని ఫలితమే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం గలవారి కొరకు వచ్చింది. ఆ ట్రస్టు బోర్డులో తల్లిదండ్రుల సంఘాలకు కూడా చోటు ఉంచారు.

1995లో వచ్చిన మొదటి వికలాంగుల చట్టంలో ప్రభుత్వ ఉద్యోగాలలో 3 శాతం కేటాయించారు. చూపు లేనివారికి ఒకటి, వినికిడి లేనివారికి ఒకటి, కాళ్లు చేతుల లోపం, సెరిబ్రల్ పాల్సీ గలవారికి ఒకటి. బుద్ధిమాంద్యం గలవారికి ఏమీ లేదు. వీళ్లేం పని చేస్తారులే అన్నట్టు. 2016 చట్టంలో దానిని 4 శాతం చేశారు. ఆ నాలుగవ శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక రుగ్మత వంటివి గలవారిని చేర్చారు. ఈ మధ్యలో గడిచినవి ఇరవై ఒక్క సంవత్సరాలు. 2006లో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక చేయడం, 2007లో మన దేశం దానిని ఆమోదించడం కూడా ఈ మధ్యనే జరిగాయి.

మన కుటుంబాలకు ఇప్పుడు ఏమి రావాలి

అన్నీ వ్రాయడానికి స్థలం చాలదు. ఎక్కువగా అడిగేవి చెబుతాము.

పింఛను సంగతి. 2024 జూలై నుండి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, వృద్ధాప్య పింఛను 4,000. పూర్తి వైకల్యంతో మంచానికే పరిమితమైనవారికి 15,000. ఇటువంటి పథకాలలో వికలాంగులకు ఇచ్చే సాయం ఇతరులకు ఇచ్చేదానికంటె కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని 2016 చట్టం 24వ సెక్షను చెబుతుంది. కనుక ఇది కృతజ్ఞతతో పుచ్చుకోవలసినదే గాని, తలవంచుకుని పుచ్చుకోవలసినది కాదు.

నేషనల్ ట్రస్టు వారి 'నిరామయ' ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంటుంది. మన ఓ.పి.కి వచ్చే కుటుంబాలలో దీని పేరు విన్నవారు మాకు అరుదుగా కనబడ్డారు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని బిడ్డకూ, తోడు వెళ్లేవారికీ రైలు టికెట్టులో రాయితీ ఉంది. బడి వయసు పిల్లలైతే మండలంలోని భవిత కేంద్రంలో విచారించండి. చిత్తూరు వైపువారికి వేలూరు దగ్గర. అక్కడ సి.ఎం.సి. వారి బాగాయం ఆవరణలో నంబిక్కై నిలయం ఉంది. బిడ్డకు నేర్పడం ఎలాగో అక్కడ తల్లిదండ్రులకు నేర్పుతారు. బిడ్డను ఎక్కడో వదిలి రావడం కంటె మనం నేర్చుకుని రావడం మేలని మా నమ్మకం.

సంరక్షకుల నియామకం గురించి కొంచెం ఆగి చెప్పాలి. బిడ్డకు 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో అతడు పెద్దవాడు. తల్లి తల్లే అయినా అతని తరఫున సంతకం చేసే అధికారం దానంతట అదే కొనసాగదు. బ్యాంకు ఖాతా దగ్గర, పొలం పంపకం దగ్గర ఇది బయటపడుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం క్రింద జిల్లా కలెక్టరుగారు ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు పెడితే సంరక్షకులను నియమిస్తారు. తల్లిదండ్రులు బ్రతికి ఉన్నప్పుడే దీన్ని చూసుకోవాలి. అన్నదమ్ములు మంచివారే కావచ్చు, వదినలూ మంచివారే కావచ్చు, కాగితం మాత్రం ఉండాలి. అయితే సంరక్షకుడంటే యజమాని కాదు. 2016 చట్టం మాట్లాడేది పరిమిత సంరక్షణ గురించి. అతని ఇష్టం అడిగి, అతనితో కలిసి నిర్ణయించాలి.

తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడక ముందు ఇటువంటి పనులకు చిత్తూరు బస్సు ఎక్కవలసి వచ్చేది. డెబ్బై కిలోమీటర్లు, మూర్ఛ వచ్చే బిడ్డతో. ఇప్పుడు కలెక్టరేటు ఊరిలోనే ఉంది. సోమవారం అర్జీలు తీసుకుంటారు. ప్రజావాణి అన్నారు, మీ కోసం అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. పేర్లు మారాయి గాని సోమవారం మారలేదు. సదరం స్లాటు కొరకు సచివాలయంలోగాని మీ-సేవలోగాని నమోదు చేయించుకోవాలి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. సగం పనులు అక్కడే ఆగుతున్నాయి.

అతనిని అడిగిన రోజు

పింఛను వచ్చిన మొదటి నెల ఆ తల్లి ఒక మూర మల్లెపూలు తెచ్చి మా బల్ల మీద పెట్టింది. కొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. మేము ఆమెతో మాట్లాడుతున్నాము. ఇంక నెల నెలా మాత్రలకు ఇబ్బంది లేదు కదమ్మా, వాడికి మంచి చొక్కా కొనిపెట్టు అని. అప్పుడు మా ఓ.పి.లో కొత్తగా చేరిన చిన్న సిస్టరు, ఇరవై మూడేళ్ల పిల్ల, అతనివైపు తిరిగి "నీకేం కావాలన్నా?" అని అడిగింది.

ఇన్ని నెలలుగా అతని కోసం తిరిగాము. రెండు అర్జీలు వ్రాశాము. అతని ముందే అతని గురించి ఎన్ని మాట్లాడామో లెక్క లేదు. ఈ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు.

అతడు వెంటనే చెప్పలేదు. తల్లి చెప్పబోతుంటే ఆ పిల్ల చేత్తో ఆపింది. మేము అలాగే కూర్చున్నాము. ఓ.పి.లో క్యూ పెరుగుతోంది. కొంతసేపటికి కిటికీలో నుండి మన ఆవరణలోని కానుగ మొక్కలు చూపించి, "నీళ్లు పోస్తా" అన్నాడు.

ఇప్పుడు మంగళ, శుక్రవారాలు ఉదయం వచ్చి మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. దానికి కూలి ఇస్తున్నాము. మొదట్లో బకెట్టు నిండిందో లేదో చూసుకోవడానికి ఇబ్బంది పడ్డాడు. మా తోటమాలి బకెట్టు లోపల ఎర్ర రంగుతో గీత గీశాడు. ఇప్పుడు గీత దాకా పట్టి ఆపుతాడు. వాన వచ్చిన రోజు కూడా పోస్తాడు, అది వేరే సంగతి.

ఈ నెల నుండి బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఓ.పి. వరండాలో ఒక బల్ల వేస్తున్నాము. సర్టిఫికెట్, నిరామయ, సంరక్షకుల దరఖాస్తు, ఏది కావాలన్నా వ్రాసిపెడతాము. రుసుము లేదు. ఏ మతమువారైనా రావచ్చు. ఆధార్ కార్డు, పాత సర్టిఫికెట్లు, మందుల చీటీలు, రెండు ఫోటోలు తీసుకురండి. బిడ్డను కూడా తీసుకురండి. ఇంట్లో వదిలి రావద్దు.

ఇప్పటికి ఆరు కుటుంబాలవారు పేర్లు ఇచ్చారు. పెద్దవారైన బిడ్డలు పగలు ఉండటానికి, పని నేర్చుకోవడానికి దగ్గరలో ఒక కేంద్రం కావాలని వారందరూ కలిసి ఒక అర్జీ సిద్ధం చేస్తున్నారు. నేషనల్ ట్రస్టుకు అటువంటి కేంద్రాల పథకాలున్నాయి. అర్జీలో ఏమేమి అడగాలో ఈసారి బిడ్డలను కూడా అడిగి వ్రాస్తున్నాము. ఒక అమ్మాయి పాటలు ఉండాలన్నది. ఒకరు భోజనంలో గుడ్డు కావాలన్నారు. అది కూడా వ్రాశాము. వచ్చే నెల మొదటి సోమవారం పది గంటలకు కలెక్టరేటుకు వెళుతున్నాము. ఆసుపత్రి వ్యానులో ఇంకా నాలుగు సీట్లు ఉన్నాయి.